ఆమ్‌స్టర్‌డామ్‌కి మూడు గంటలేనా? యూరప్ టూర్లు నడిపే మన తెలుగువాళ్లకి ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల నుంచి ఏటా వేసవిలో యూరప్‌కి మనవాళ్లని తీసుకొచ్చే ట్రావెల్స్ యజమానులకీ, ఆ గ్రూపుల వెంట వచ్చే టూర్ మేనేజర్లకీ నమస్కారం.

నాది బందరు. తొమ్మిదేళ్లుగా ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను. రెండేళ్ల కిందట మే నెలలో మా అమ్మా నాన్నా తమ స్నేహితులతో కలిసి పది రోజుల ప్యాకేజీలో వచ్చారు. ఏ కంపెనీయో చెప్పను, చెప్పాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఆ తర్వాత నేను చూసిన ఐటినరరీలన్నీ ఇంచుమించు అలాగే ఉన్నాయి. పొద్దున గాలిమరలు, చీజ్ తయారీ, చెక్కబూట్ల దుకాణం. మధ్యాహ్నం సెంట్రల్ స్టేషన్ ఎదుట గంటసేపు బోటు. తర్వాత వజ్రాల షోరూము. అక్కణ్ణుంచి ఇండియన్ హోటల్లో భోజనం. ఆపైన ఎయిర్‌పోర్టు దగ్గర బస. ఊళ్లో మొత్తం మూడు గంటలు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి బోటు రేవు దగ్గర నిలబడితే, అమ్మా నాన్నలతో నాకు దొరికింది ఆ గంటే.

బోటులో నాన్న మేనేజరు గారిని అడిగాడు, "ఈ ఇళ్లు ఇట్లా ముందుకి వంగి ఉన్నాయేంటండీ?" అని. ఆయన "పాతవి కదండీ, అలాగే ఉంటాయి" అని తలలు లెక్కపెట్టుకోవడంలో పడిపోయాడు. ఆయన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. నలభై రెండు మంది పెద్దవాళ్లని, వాళ్ల పాస్‌పోర్టుల్ని, మందుల్ని, పెరుగన్నం బెంగని వెంటేసుకుని తిరిగే మనిషికి ఎంత టెన్షన్ ఉంటుందో కళ్లారా చూశాను. కానీ మా నాన్న ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, అడిగిన ప్రశ్నకి జవాబు దొరక్కుండా వెనక్కి వెళ్లడం నాకు బాధేసింది. మరుసటి ఏడాది ఆయన ఒక్కడే మళ్లీ వచ్చాడు. ఇద్దరం ఒక రోజు పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా నడిచాం. ఆ నడకలో చూసినవి మీ గ్రూపులక్కూడా చూపించమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు బస్సు సంగతి. 2024 జనవరి నుంచి ఏడున్నర టన్నులు దాటిన టూరిస్టు బస్సుల్ని నగరం నడిబొడ్డులోకి, అంటే ఎస్100 రింగు లోపలికి రానివ్వడం లేదని మీకు తెలుసు. "బస్సు లోపలికి పోదు కాబట్టి బోటెక్కించి దింపేస్తే సరిపోతుంది" అని ఒక మేనేజరు నోటే విన్నాను. ఆ బస్సుని ఎందుకు ఆపారో మీ ప్రయాణికులకి చెప్తే చాలు, ఈ ఊరు ఎలా నిలబడి ఉందో సగం అర్థమైపోతుంది.

ఇక్కడి నేల మన గట్టి నేల కాదు. మొక్కలు కుళ్లి పేరుకున్న మెత్తటి బురద, దాని కింద బంకమన్ను, దాదాపు పన్నెండు మీటర్ల లోతుకి వెళ్తేగాని గట్టి ఇసుక పొర తగలదు. అందుకని పాతకాలంలో ప్రతి ఇంటికీ, ప్రతి వంతెనకీ, కాలవ గట్టు మీద ప్రతి గోడకీ నార్వే, బాల్టిక్ వైపు అడవుల నుంచి తెచ్చిన దుంగల్ని ఆ ఇసుక పొర దాకా దిగగొట్టి, వాటి నెత్తిన పునాది వేశారు. దిగగొట్టడానికి మెషిన్లు లేవు. ముప్పై నలభై మంది మోకులు పట్టుకుని పెద్ద బరువుని పైకి లాగి ఒక్కసారి వదిలేవాళ్లు. అందరి చేతులూ ఒకేసారి కదలాలంటే పాట ఉండాలి, పాట పూర్తయ్యాక కాసేపు ఊపిరి పీల్చుకోవాలి. మన రేవుల్లో హైలెస్సా అంటూ వలలు లాగినట్టే ఈ ఊళ్లో దుంగల పాటలుండేవి. ఇది చెప్పగానే నాన్న ముఖం వెలిగిపోయింది.

చెక్క నీళ్లలో పూర్తిగా మునిగి ఉన్నంతకాలం దానికి గాలి తగలదు, బూజు పట్టదు. భూమిలో నీటిమట్టం కాస్త కిందికి దిగి దుంగ తల బయటపడిందా, పుచ్చడం మొదలవుతుంది. నీళ్లలో ఉన్నా కొన్ని రకాల బ్యాక్టీరియా పైన్ దుంగల్ని మెల్లమెల్లగా తినేస్తుంది. మా ఆఫీసు దారిలో ఒక గట్టు గోడ తిరిగి కడుతున్నప్పుడు, పైకి తీసిన పాత దుంగలు ఒడ్డున పేర్చి ఉన్నాయి. ఆగి ఒకదాని మీద వేలితో నొక్కాను. నల్లగా, తడిగా, చెరువు అడుగు మట్టి వాసన. పైన ఒక అంగుళం మేర తడిసిన అట్టలా గోరు దిగిపోయింది, లోపల మాత్రం ఇంకా గట్టిగా ఉంది. ఆ లోపలి గట్టితనం మీదే ఇన్నాళ్లూ ఆ గోడ నిలబడింది.

తోపుడు బండ్ల కోసం, గుర్రపు బండ్ల కోసం కట్టిన ఆ గట్ల మీద మన కాలంలో లారీలు, బస్సులు తిరిగాయి. 2020 సెప్టెంబరు 1న హ్రిమ్‌బుర్ఖ్‌వాల్ అనే కాలవ ఒడ్డున గోడ ఉన్నట్టుండి నీళ్లలోకి కూలిపోయింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. దాదాపు 200 కిలోమీటర్ల గట్టు గోడల్ని, 850 వంతెనల్ని పరీక్షించి, బాగుచెయ్యాల్సినవి బాగుచేసే పని నగరపాలక సంస్థ నెత్తిన ఉంది. మీ బస్సుని ఆపిన కారణాల్లో ఇదీ ఒకటి. బస్సు దిగి నడవమన్నప్పుడు విసుక్కునే పెద్దాయనకి ఈ సంగతి రెండు నిమిషాల్లో చెప్పి చూడండి, ఆయనే ముందు నడుస్తాడు.

మీ గ్రూపులన్నీ డామ్ చౌక్‌లో ఎలాగూ ఆగుతాయి, పావురాల దగ్గర ఫోటోలు దిగుతాయి. వెనక కనిపించే ఆ పెద్ద రాతి భవనాన్ని "రాజభవనం" అని చెప్పి ముందుకి వెళ్లిపోతున్నారు. అది రాజు కోసం కట్టింది కాదండీ. 1648లో మొదలుపెట్టి, యాకోబ్ ఫాన్ కాంపెన్ అనే ఆర్కిటెక్ట్ గీసిన ప్లానుతో ఈ ఊరి వర్తకులు తమ టౌన్‌హాలుగా కట్టుకున్నారు. 1808లో నెపోలియన్ తమ్ముడు లూయీ వచ్చి దాన్ని తన ప్యాలెస్‌గా మార్చుకున్నాడు, ఆ పేరే మిగిలిపోయింది. దాని కింద 13,659 దుంగలున్నాయి. ఇక్కడి పిల్లలు ఆ అంకె గుర్తుపెట్టుకునే చిట్కా ఒకటుంది: ఏడాదికి 365 రోజులు, దాని ముందు ఒకటి, వెనక తొమ్మిది. లోపల పెద్ద హాలు నేల మీద పాలరాతిలో ప్రపంచ పటం పరిచారు, ఆసియా మీద కాలు పెట్టి నడవచ్చు. బయటికొచ్చి భవనం వెనక్కి వెళ్లి పైకి చూస్తే ఆమ్‌స్టర్‌డామ్ నగరాన్ని ఒక స్త్రీమూర్తిగా చెక్కారు, నాలుగు ఖండాల వాళ్లూ సరుకులు తెచ్చి ఆమె ముందు పెడుతుంటారు. తాము ఎవరమని అనుకున్నారో అక్కడే చెక్కించి పెట్టుకున్నారన్నమాట.

ఇక నాన్న అడిగిన ప్రశ్న, ఇళ్లు ఎందుకు వంగాయి? కాలవ పక్క స్థలం అంటే ఓడల సరుకు నేరుగా గుమ్మం ముందు దిగే చోటు. అందరికీ అదే కావాలి, అందుకని ముఖం ఇరుకు, లోపలికి పొడవు. 1613 నుంచి ఊరి చుట్టూ హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అని వరసగా కాలవలు తవ్వి, గట్ల వెంట స్థలాలు కొలిచి అమ్మారు. ఈ కాలవల వలయాన్నే 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. కింద వర్తకుడి ఆఫీసు, మధ్యలో కాపురం, పై అంతస్తుల్లో, అటక మీద మిరియాలో, బట్టల బేళ్లో, ధాన్యమో. మెట్లు నిచ్చెన లాగా నిటారుగా ఉంటాయి, వాటి మీద మూట ఎక్కదు. అందుకే ప్రతి ఇంటి నెత్తిన ముందుకు పొడుచుకొచ్చిన ఒక దూలం, దానికి కొక్కెం.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో అలాంటి ఇంట్లో మూడో అంతస్తులో అద్దెకున్నాను. సామాన్లు చేర్చే రోజు పనివాళ్లు ఆ కొక్కేనికి కప్పీ తగిలించి, మోకు వేసి, మా ఫ్రిజ్‌కి దుప్పటి చుట్టి కట్టారు. కింద నిలబడి ఒక తాడు చివర పట్టుకుని ఫ్రిజ్ అటూ ఇటూ ఊగకుండా చూడటం నా పని. పైకి వెళ్తున్నంతసేపూ కిటికీ అద్దాలకి తగులుతుందేమోనని ప్రాణం బిగబట్టుకుని చూశాను. తగల్లేదు. గోడ పైకి వెళ్లేకొద్దీ ముందుకి వంగి ఉంది కాబట్టి, తాడు గోడకి దూరంగా జారింది, ఫ్రిజ్ ఖాళీ గాలిలో ఎక్కి వెళ్లింది. కిటికీ చట్రం ముందే ఊడదీసి పెట్టారు, ఇద్దరు మనుషులు చేతులు చాచి లోపలికి లాక్కున్నారు. వంపు ఎందుకో పుస్తకాల్లో చదివితే వాన నీళ్లు గోడ మీద పడకుండా అనీ, వీధిలోంచి చూస్తే గోడ ఠీవిగా కనబడాలనీ, పాత చెక్క ఇళ్ల పద్ధతి అలాగే కొనసాగిందనీ ఇంకా చాలా కారణాలు చెప్తారు. నాకు మాత్రం ఆ తాడు చేతిలో ఉన్నప్పుడు అర్థమైంది. పునాది కుంగి పక్కకి ఒరిగిన ఇళ్లు కూడా బోలెడున్నాయి, అది వేరే సంగతి. పక్కకి ఒరిగింది దుంగల వల్ల, ముందుకి వంగింది కావాలని. ఈ ఒక్క మాట బోటులో చెప్పండి చాలు.

ఇంటి నెత్తి చూసి వయసు చెప్పడం కూడా మనవాళ్లకి సరదాగా ఉంటుంది. మెట్లు మెట్లుగా పైకి వెళ్లే ఇటుక ముఖం ఉంటే పాతది, పదిహేడో శతాబ్దం మొదటి భాగం. సన్నటి మెడ లాగా ఉంటే ఆ తర్వాతది. గంట ఆకారంలో ఉంటే ఇంకా తర్వాతది. గరాటు తిరగేసినట్టు సాదాగా ఉంటే ఎక్కువగా గోదాము. బ్రౌవర్స్‌గ్రాఖ్ట్ ఒడ్డున అలాంటి గోదాములు వరసగా ఉంటాయి, ఒక్కో అంతస్తు మధ్యలో పెద్ద పెద్ద చెక్క తలుపులతో. ఇప్పుడవన్నీ ఫ్లాట్లు. మా నాన్నకి ఇంకా నచ్చింది గుమ్మాల పైన ఉండే చెక్కుడు రాళ్లు. ఇళ్లకి నంబర్లు పద్దెనిమిదో శతాబ్దం చివర్లోగాని రాలేదు, అంతకుముందు అడ్రసంటే ఆ రాయి మీద బొమ్మే. చేప, ఓడ, రొట్టె, కత్తెర. "మనం చింతచెట్టు పక్కిల్లు అనమూ, అట్లాగే" అన్నాడు నాన్న, ఆ తర్వాత ప్రతి గుమ్మం ముందూ ఆగడమే.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న చోటికి వస్తాను. డామ్ చౌక్ నుంచి తూర్పుకి ఒకే దారిలో నడిస్తే పది నిమిషాల లోపు ఔదె హోఖ్‌స్ట్రాట్ అనే ఇరుకు వీధి వస్తుంది. సైకిళ్లు, వంటింటి సామాన్ల దుకాణాలు, వేయించిన బంగాళదుంపల వాసన. అందులో ఒక గేటు, గేటు దాటితే ఎర్ర ఇటుకల చతురస్రం లాంటి పెద్ద వాకిలి. డచ్చి ఈస్టిండియా కంపెనీ వాళ్ల ఈస్టిండియా హౌస్ అది, 1606లో కట్టారు. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ చేతిలో ఉంది, పనిదినాల్లో పిల్లలు సైకిళ్లు ఆనించి కాఫీ తాగుతుంటారు. మీ ఐటినరరీల్లో ఈ పేరు నేను ఎక్కడా చూడలేదు.

ఆ కంపెనీ వాళ్లు బందరులో గోల్కొండ సుల్తాను అనుమతితో ఫ్యాక్టరీ, అంటే వర్తక స్థావరం, పెట్టింది కూడా దాదాపు అదే ఏడాది. తర్వాత పులికాట్, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, ఖమ్మం వైపు నాగులవంచ. మన నేతగాళ్ల గుడ్డ, మన అద్దకం, మన నీలిమందు కొని, ఆ గుడ్డని ఇండోనేషియా దీవులకి పట్టుకెళ్లి, అక్కడ గుడ్డకి బదులు లవంగాలు, జాజికాయ తీసుకునేవాళ్లు. ఆ సుగంధద్రవ్యాలు వచ్చి చేరింది ఈ కాలవల పక్కనున్న అటకల్లోకే. బందరు రంగుల అద్దకపు బట్టలంటే ఇక్కడ ఇంటింటా మోజు, ఈ దేశంలో హిందెలోపెన్ అనే ఊరి ఆడవాళ్ల సంప్రదాయ దుస్తుల్లోకి కూడా అవి చేరాయి. రైక్స్‌మ్యూజియంలో కోరమాండల్ తీరపు బట్టలు భద్రంగా ఉన్నాయి. మనం కలంకారీ అంటూ చీరల కొట్టులో చూసేదానికి తాత ముత్తాతలవి.

మేము చిన్నప్పుడు బందరులో వలందపాలెం మీదుగా సైకిలు మీద బడికి వెళ్లేవాళ్లం. ఇంగ్లీషుపాలెం అంటే ఇంగ్లీషువాళ్లు, పరాసుపేట అంటే ఫ్రెంచివాళ్లు అని తెలుసు. వలందులంటే హాలెండువాళ్లని నాన్న ఎన్నోసార్లు చెప్పాడు, నేనే సరిగా వినలేదు. ఆ వాకిలిలో నిలబడి ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గోడ ఇటుక మీద చెయ్యి ఆనించి, "మన గుడ్డ ఎంతకి కొనాలో ఇక్కడ కూర్చునే రాసేవాళ్లన్నమాట" అన్నాడు.

రాసింది గుడ్డ ధర ఒక్కటే కాదు, అదీ చెప్పాలి. పదిహేడో శతాబ్దంలో కరువులొచ్చినప్పుడు కోరమాండల్ తీరం నుంచి వేలమంది మనుషుల్ని ఈ కంపెనీ బానిసలుగా కొని బతేవియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, ఓడల్లో పంపింది. మనవాళ్లు కూడా అందులో ఉన్నారు. బానిసత్వంలో తన పాత్రకి ఆమ్‌స్టర్‌డామ్ నగరం 2021 జూలై 1న మేయర్ ఫెంకె హల్సెమా నోట అధికారికంగా క్షమాపణ చెప్పింది. ఈ ఊరి అందం చూపించేటప్పుడు ఆ మాట దాచొద్దని నా మనవి. మన పెద్దవాళ్లు తట్టుకోలేరనుకోకండి. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి లక్షలు ఖర్చుపెట్టుకుని వచ్చినవాళ్లకి, తమ ఊరి పేరు రాసుకున్న ఇంటి ముందు నుంచి వెళ్తూ కూడా ఎవరూ చెప్పకపోతే, అది వాళ్లకి జరిగిన అన్యాయం.

అదే దారిలో ఇంకో నాలుగడుగులు వేస్తే నియూమార్క్ట్ ప్రాంతం. ఇక్కడ రెండు నిమిషాలు ఆగితే, ఈ పాత ఇళ్లు వాటంతటవి మిగల్లేదని మీవాళ్లకి తెలుస్తుంది. యుద్ధంలో నాజీలు ఈ పేటలోని యూదుల్ని పట్టుకుపోయారు, ఇళ్లు ఖాళీ అయ్యాయి. 1944-45 చలికాలంలో తిండి లేదు, బొగ్గు లేదు, జనం ఆ ఖాళీ ఇళ్ల దూలాలూ మెట్లూ పీక్కెళ్లి పొయ్యిలో పెట్టుకున్నారు. దూలాలు పోయిన ఇళ్లు కూలాయి. తర్వాత నగరపాలక సంస్థ ఆ శిథిలాల మీదుగా వెడల్పాటి రోడ్డు వేద్దామనుకుంది, కింద మెట్రో కోసం మిగిలిన ఇళ్లు కూడా కూల్చడం మొదలుపెట్టింది. 1975లో ఇక్కడి జనం "మా ఇళ్లు ఖాళీ చెయ్యం" అంటూ ఎదురుతిరిగారు, పోలీసులతో వీధిపోరాటాలే జరిగాయి. మెట్రో ఆగలేదు గానీ ఆ పెద్ద రోడ్డు ఆలోచన మానుకున్నారు, పాత వీధుల కొలతల్లోనే మళ్లీ ఇళ్లు కట్టారు. నియూమార్క్ట్ మెట్రో స్టేషన్ గోడల మీద ఆ గొడవ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. రోడ్డుకి అడ్డమని పడగొట్టాలనుకున్న డి పింటో ఇల్లు, ఒక పోర్చుగీసు యూదు వర్తకుడిది, అలాగే బతికిపోయింది, పక్కనే ఉంది చూడండి. 1956లో పెట్టిన స్టాట్స్‌హెర్‌స్టెల్ అనే సంస్థ కూలిపోయే పాత ఇళ్లని కొని, బాగుచేసి, అద్దెకిచ్చి, ఆ అద్దెతో ఇంకోటి కొంటూ వచ్చింది. మన ఊళ్లలో మండువా ఇళ్లు కళ్లముందే పోతుంటే చూస్తున్నవాళ్లకి ఈ పద్ధతి తెలిస్తే నష్టం లేదు కదా.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. పాతబస్తీలో గైడుతో వెళ్లే గుంపు పదిహేను మందికి మించకూడదు, రెడ్‌లైట్ వీధుల్లో గైడెడ్ టూర్లు 2020 నుంచి పూర్తిగా బంద్. నలభై మందంటే మూడు గుంపులు, ముగ్గురు గైడులు, ఖర్చు. కానీ వజ్రాల షోరూములో గంట కూర్చోబెట్టే బదులు ఆ గంట ఇటు మళ్లించండి. డామ్ నుంచి డి పింటో ఇంటి దాకా కిలోమీటరు కూడా లేదు, నేల చదును, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా నడిచే దూరమే. మధ్యలో కూర్చోడానికి కాఫీ కొట్లు బోలెడు. ఇక్కడ మన తెలుగు పిల్లలు చదువుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు, పర్మిట్ తీసుకుని గైడుగా వచ్చి తెలుగులో చెప్పేవాళ్లు వెతికితే దొరుకుతారు.

వచ్చే వేసవి బ్రోచర్లు మీరు సంక్రాంతి లోపే అచ్చు వేయిస్తారు. "కెనాల్ క్రూజ్, డైమండ్ ఫ్యాక్టరీ" అన్న లైను పక్కన "పాత నగరంలో కాలినడక, ఈస్టిండియా హౌస్" అని ఇంకో నాలుగు మాటలు చేర్చండి. ముందుగా ఒకసారి దారి చూసుకోవాలనుకునే మేనేజర్లు ఎవరైనా ఉంటే, శనివారం పొద్దున్నే డామ్ చౌక్ దగ్గరికి రండి. నేను వెంట వచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటున్న ఒక బందరు మనిషి